చందా ఎవరు అడుగుతున్నారు, లెక్క ఎవరికి చెప్తున్నారు?

2024 సెప్టెంబరు మొదటి వారంలో రాష్ట్రం దృష్టంతా విజయవాడ సింగ్‌నగర్ మీదే ఉంది. బుడమేరుకు గండ్లు పడి నగరంలో పెద్ద భాగం మునిగింది. కెమెరాలు అక్కడికే వెళ్ళాయి. పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు, నీళ్ళ సీసాలు వేసుకున్న లారీలూ అక్కడికే వెళ్ళాయి. వెళ్ళాల్సిందే. కానీ బుడమేరు విజయవాడలో ఆగిపోయే వాగు కాదు. ఆ నీరు కొల్లేరులో కలిసి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోవాలి. నగరంలో నీళ్ళు తీస్తున్న రోజుల్లోనే ఇక్కడ, మండవల్లి మండలంలో, నీళ్ళు ఎక్కడం మొదలైంది. పెనుమాకలంక, నందిగామలంక, ఇంగిలిపాకలంక లాంటి లంక గ్రామాల చుట్టూ నీరు చేరింది. ఏలూరు–కైకలూరు రోడ్డు మీద రాకపోకలు ఆగాయి. పడవ తప్ప దారి లేదు. ఆ నెల మూడో వారానికి టీవీలన్నీ తిరుపతి లడ్డూ మీదికి వెళ్ళిపోయాయి.

నీళ్ళు రెండు చోట్లా అవే. కనబడినచోటికి సాయం వెళ్ళింది, కనబడనిచోటికి ఆలస్యంగా, పలచగా వచ్చింది. లంకకు వచ్చిన సాయం కూడా ముందు పడవ ఆగిన రేవు దగ్గర దిగుతుంది. పేట ఎప్పుడూ ఊరికి పల్లంలోనూ, రేవుకు దూరంలోనూ ఉంటుంది. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో సహాయ శిబిరాల్లో దళితులను వేరు చేశారని, వాళ్ళకు సాయం సరిగా అందలేదని హక్కుల సంఘాలు నివేదికలు రాశాయి. ప్రకృతి వైపరీత్యానికి కులం లేదంటారు. సహాయం పంచే చేతికి మాత్రం ఉంటుంది.

అందుకే ఈ వ్యాసంలో ఒక మామూలు ప్రశ్నను తీసుకుంటున్నాం. ఒక సంస్థ గానీ సంఘం గానీ తన సమస్యను జనానికి ఎలా తెలియజేస్తుంది, డబ్బు ఎలా కూడబెడుతుంది, పనిచేసే మనుషులను ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? కొత్తగా సంఘాల్లోకి వస్తున్న విద్యార్థులు మమ్మల్ని తరచుగా అడిగేది ఇదే. దీన్ని నిధుల సేకరణ మెళకువగా నేర్పే పుస్తకాలు చాలానే ఉన్నాయి. మా ఉద్దేశంలో ఇది మెళకువ కంటే ముందు అధికారానికి సంబంధించిన విషయం. డబ్బు ఎవరి దగ్గర నుంచి వస్తుందో వాళ్ళకే సంస్థ జవాబు చెప్పడం మొదలుపెడుతుంది. పేట నుంచి ఒక్క రూపాయి కూడా తీసుకోని సంస్థ పేటకు లెక్క చెప్పిన సందర్భాలు అరుదు.

ఈ ప్రాంతానికి ఈ విషయం కొత్తది కాదు. కొల్లేటి ఒడ్డున ఆకివీడులో కెనడా బాప్టిస్టు మిషన్ 1880లలోనే కేంద్రం పెట్టింది. ఆ కేంద్రం నడిచింది కెనడా ఊళ్ళలోని చర్చిలు పంపిన డబ్బుతో, అందులోనూ మహిళా సంఘాలు చిన్న చిన్న మొత్తాలుగా పోగుచేసిన డబ్బుతో. ఆ డబ్బు కదలాలంటే ఇక్కడి పేటల కథలు అక్కడి మిషన్ పత్రికల్లో అచ్చు కావాలి. అంటే మన తాతముత్తాతల ఆకలీ, అంటరానితనమూ ఎక్కడో మంచు దేశంలో చదివిన కథలయ్యాయి. ఆ డబ్బుతో బడులు, ఆసుపత్రులు వచ్చాయి. ఊరి బడి గడప తొక్కనివ్వని పిల్లలు అక్షరాలు దిద్దుకున్నారు. దాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. అయితే ఏ కథ పంపాలి, ఏది పంపకూడదు అనేది పేట చేతిలో లేదు.

అదే చర్చిలో, అదే పేటల్లో, ఇంకో పద్ధతి కూడా పెరిగింది. అదే పిడికెడు బియ్యం. పొయ్యి మీద ఎసరు పెట్టాక, బియ్యం కొలిచేటప్పుడు ఇల్లాలు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఆదివారానికి ఆ డబ్బా గుడికి వెళ్తుంది. ఇంటింటి బియ్యం కలిపి అమ్మితే పాస్టరు జీతానికో, గుడి కప్పుకో, ఊళ్ళో పోయినవాళ్ళ ఖర్చుకో సరిపోతుంది. రోజు కూలి మీద బతికే ఇల్లు ఇవ్వగలిగినంతే ఇది. ఇచ్చిన ప్రతి మనిషికీ ఆ బియ్యం ఏమైందో అడిగే హక్కుంది, అడుగుతారు కూడా. సంఘం లెక్కల దగ్గర పేట ఆడవాళ్ళు వేసే ప్రశ్నలు విన్నవాళ్ళకు ఏ ఆడిటరూ కఠినంగా అనిపించడు.

ఎవరి డబ్బు, ఎవరి పెత్తనం

ఈ ప్రశ్న దేశస్థాయిలో పెద్ద తగాదాగా వచ్చింది 1932లో. సెప్టెంబరు 24న పూనా ఒడంబడిక జరిగింది. ఆ నెలాఖరుకే అస్పృశ్యతా నివారణకు ఒక అఖిల భారత సంస్థ పుట్టింది. అదే తర్వాత హరిజన సేవక సంఘం. జి.డి. బిర్లా అధ్యక్షుడు, ఎ.వి. ఠక్కర్ కార్యదర్శి. అంబేద్కర్ మొదట కేంద్ర మండలిలో ఉన్నారు. ఆ నవంబరులో లండన్‌కు ఓడలో వెళ్తూ ఠక్కర్‌కు ఒక పొడవాటి ఉత్తరం రాశారు. సేవా సంస్థల్లో పనిచేయాలనుకునే ప్రతి విద్యార్థీ చదవాల్సిన ఉత్తరం అది.

అందులో ఆయన అడిగినది క్లుప్తంగా ఇది. అంటరానివాళ్ళ వ్యక్తిగత అలవాట్లు బాగుచేయడానికి గ్రంథాలయాలు, వ్యాయామశాలలు పెడుతూ కూర్చుంటే చాలదు. ఊరి బావి దగ్గర, బడిలో, బండి మీద, పనిలో హక్కు నిలబెట్టే పోరాటం కావాలి. ఆ పోరాటం వస్తే పల్లెల్లో గొడవలవుతాయి, సంస్థ అందుకు సిద్ధపడాలి. పనిచేసే మనుషులను కూడా అణగారిన కులాల నుంచే ఎక్కువగా తీసుకోవాలి, ఎందుకంటే ప్రేమతో చేసే పని జీతం కోసం చేసే పని ఒకటి కావు. ఆ ఉత్తరానికి కనీసం అందిందన్న జవాబు కూడా రాలేదని ఆయన తర్వాత రాశారు. ఆయన ఆ మండలి నుంచి బయటికొచ్చారు.

సంఘం పెత్తనంలో అంటరానివాళ్ళకు చోటెందుకు లేదని అడిగినప్పుడు గాంధీ ఇచ్చిన వివరణ ఆసక్తికరం. ఇది సవర్ణ హిందువులు తీర్చుకోవాల్సిన అప్పు, అప్పు తీర్చే పద్ధతిని బాకీదారులే చూసుకోవాలి, అప్పిచ్చినవాళ్ళు సలహా ఇవ్వవచ్చు అని. వినడానికి వినయంగానే ఉంది. కానీ ఎప్పుడు, ఎంత, ఏ రూపంలో తీరుస్తాడో బాకీదారుడే తేల్చుకునే అప్పును మన ఊళ్ళో ఎవరూ అప్పు అనరు.

1933 నవంబరు నుంచి తొమ్మిది నెలల పాటు గాంధీ హరిజన యాత్ర చేశారు. ఆ డిసెంబరులో ఆంధ్ర జిల్లాలు తిరిగారు. నిధుల సేకరణగా చూస్తే ఆ యాత్ర అసాధారణమైనది. సంతకానికి ఐదు రూపాయలు, సభలో ఆడవాళ్ళు తీసి ఇచ్చిన గాజులు, గొలుసులు అక్కడికక్కడే వేలం, ఊరూరా సమర్పించిన సంచులు. మొత్తం సుమారు 8 లక్షల రూపాయలు పోగయ్యాయి. జనంలో చర్చ పుట్టింది, గుళ్ళ తలుపులు కొన్ని తెరుచుకున్నాయి, వ్యతిరేకులు నల్ల జెండాలు పట్టారు. తెలియజేయడం, డబ్బు, మనుషులు, మూడూ ఒకే యాత్రలో సాధించిన ఉదాహరణ ఇంతకంటే పెద్దది ఆ కాలంలో లేదు. అంబేద్కర్ తప్పుపట్టింది ఈ నైపుణ్యాన్ని కాదు. ఆ డబ్బు మీద హక్కు ఎవరిది అన్నదాన్ని.

ఆయనకు డబ్బు విలువ తెలియక కాదు. 1920 జనవరి 31న ‘మూక్‌నాయక్’ మొదలైంది సాహూ మహరాజ్ ఇచ్చిన 2,500 రూపాయల సాయంతో. డబ్బు తీసుకుని ప్రకటన వేయమన్నా ‘కేసరి’ ఒప్పుకోని రోజులవి. మన మాట ఎదుటివాడి పత్రికలో కొనుక్కోవడానికి కూడా దొరకనప్పుడు, సొంత పత్రికే మొదటి ఖర్చు అవుతుంది.

చాటింపు

మన దగ్గర చాటింపుకు పాత పనిముట్టు డప్పు. ఊరి కబురు, ఊరి చావు చాటడానికి మాదిగలతో కొట్టించిన డప్పునే 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన ఉద్యమం తన పేరుగా పెట్టుకుంది, దండోరా అని. దాచుకునే కులం పేరును పేరు చివర రాసుకోవడం, వెట్టికి గుర్తయిన వాయిద్యాన్ని ఊరేగింపు ముందు నడిపించడం, రెండూ పైసా ఖర్చు లేని ప్రచారం. వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, జనాన్ని కదిలించే పద్ధతిగా దాని నుంచి నేర్చుకోనివాళ్ళు తక్కువ.

మంచి చాటింపు కూడా అన్ని విషయాలకూ సమానంగా పనిచేయదు. కొల్లేరునే తీసుకోండి. 1999లో ఐదో కాంటూరు వరకు అభయారణ్యం ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చారు. ఈ పాతికేళ్ళలో కొల్లేరు పేరు బయటి ప్రపంచానికి తెలిసింది ఎక్కువగా ఆటపాక గూడబాతుల ఫొటోల ద్వారా. ఆ పక్షి అందమైనది, దానికి రక్షణా కావాలి. కానీ ఎస్సీ సొసైటీ పేరిట చెరువుండి, అనుభవం మాత్రం చాలా చోట్ల లీజుదారుడిదై, తన చెరువు గట్టు మీదే కూలికి మేత మోసిన మనిషి ఫొటో ఏ క్యాలెండరులోనూ పడదు. గట్లు పోయినప్పుడు అతని కూలి కూడా పోయింది. ఆ నష్టం ఒక్క బొమ్మలో పట్టదు, విడమరిచి చెప్పాలి. అందుకే దానికి చందాలు రావు.

మన సంఘాలకు అక్కరకొచ్చిన పద్ధతి నిజనిర్ధారణ. సంఘటన జరిగిన ఒకటి రెండు రోజుల్లో ఐదారుగురు వెళ్ళి, బాధితులతో, ఊరివాళ్ళతో, ఎస్ఐతో మాట్లాడి, ఎఫ్ఐఆర్ కాపీ తీసుకుని, ఏ సెక్షన్లు పెట్టారు, ఏవి వదిలేశారు అని చూసి, రెండు పేజీలు రాసి పత్రికలకు ఇవ్వడం. ఖర్చు ఒక కారు డీజిలు. దాని బలం ఫొటోలో లేదు, వివరంలో ఉంది.

గరగపర్రులో జరిగినది గుర్తు చేసుకోవాలి. భీమవరం పక్కన పాలకోడేరు మండలంలోని ఊరు. 2017 ఏప్రిల్‌లో చెరువు దగ్గర మిగతా నాయకుల విగ్రహాల సరసన దళితులు అంబేద్కర్ విగ్రహం పెట్టారు, దాన్ని తీసేశారు. మే నెలలో బహిష్కరణ మొదలైంది. కౌలు భూములు పోయాయి, కూలి పనులు ఆగాయి. అది రాష్ట్రమంతటా వార్త కావడానికి జూన్ నెలాఖరు పట్టింది. దాదాపు రెండు నెలలు. డెల్టాలో, రోడ్డు పక్కన, పట్టణానికి కూతవేటు దూరంలో ఉన్న ఊరిలో వందల మంది కూలి లేకుండా కూర్చుంటే అది వార్త కావడానికి అంత కాలం పట్టింది. దళిత సంఘాలు, వామపక్ష సంఘాలు తిరిగి తిరిగి రాస్తేనే, ఫోన్లలో పంచుకుంటేనే అది బయటికొచ్చింది.

ఇక్కడ చందా ఎందుకు అడగాలో, ఎందుకు అడగకూడదో కూడా విడదీసి చెప్పాలి. పని ఆగిన ఇంటికి ఆ వారం బియ్యం కావాలి, అది సాటి పేటలు పోగుచేసి పంపవచ్చు, పంపాయి కూడా ఎన్నో చోట్ల. కానీ సామాజిక, ఆర్థిక బహిష్కరణ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(జెడ్‌సి) కింద నేరం. చట్టం నిబంధనల ప్రకారం నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల రూపాయల వరకు పరిహారం ఉంది, తక్షణ సాయం ఏడు రోజుల్లో ఇవ్వాలి. 2016 జనవరి నుంచి అమల్లో ఉన్న సెక్షన్ 15ఎ ప్రకారం బాధితులకు, సాక్షులకు ప్రయాణ ఖర్చులు, విచారణ కాలంలో భత్యం ప్రభుత్వమే పెట్టాలి. వీటి కోసం మనం క్యూఆర్ కోడ్ పెట్టి చందా అడిగితే కలెక్టరు చేయాల్సిన పనిని పేదవాడి జేబులోంచి చేయిస్తున్నట్టే. ముందు అర్జీ, రసీదు, ఆ తర్వాతే డబ్బా పట్టుకోవాలి. చట్టం ఇవ్వనిదానికే చందా ఖర్చు కావాలి.

చట్టం ఇవ్వనిది చాలానే ఉంది, ముఖ్యంగా కాలం. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు కావాలని కొట్లాడి సాధించుకున్నారు. తీర్పు వచ్చింది 2007 జూలై 31న. హైకోర్టు దాన్ని 2014 ఏప్రిల్‌లో కొట్టేసింది. ఇరవై మూడేళ్ళు. మొదటి వారంలో దేశం నలుమూలల నుంచీ మనుషులు వస్తారు, డబ్బూ వస్తుంది. పదో ఏట వాయిదాకు సాక్షి వెంట వెళ్ళే మనిషి బస్సు చార్జీకి ఎవరూ విరాళం ఇవ్వరు. మొదటి నెల పోగైన డబ్బులో సగమైనా పదో ఏటికి పక్కనపెట్టే సంఘాన్ని మేము గొప్ప సంఘమంటాం.

డబ్బు వచ్చే దారులు

విదేశీ విరాళాల దారి సన్నబడింది. 2020 సెప్టెంబరులో ఎఫ్‌సీఆర్‌ఏ చట్టాన్ని సవరించారు. విదేశీ డబ్బు ఢిల్లీలోని ఒకే ఒక స్టేట్ బ్యాంకు శాఖలోకి రావాలి. పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. అన్నిటికంటే పెద్ద దెబ్బ, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. మండల స్థాయిలో పనిచేసే చిన్న దళిత సంఘాలకు నేరుగా విదేశీ నిధులు ఎప్పుడూ రాలేదు. హైదరాబాదులోనో ఢిల్లీలోనో పెద్ద సంస్థ తీసుకుని కొంత ఇచ్చేది. ఆ కాలువే మూసుకుపోయింది. పాలనా ఖర్చు అంటే కారూ ఏసీ గదీ అనుకుంటారు. హక్కుల సంఘంలో కార్యకర్త జీతం, లాయరు ఫీజు, ప్రయాణం అదే లెక్కలో పడే ప్రమాదం ఉంది. గుజరాత్‌లో మార్టిన్ మాక్వాన్ స్థాపించిన నవసర్జన్ అనుమతి 2016 డిసెంబరులోనే రద్దయింది.

కంపెనీల సీఎస్‌ఆర్ డబ్బు ఇంకో దారి. నిర్ణీత స్థాయి దాటిన కంపెనీ మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలని 2013 చట్టం చెప్తోంది. వెనుకబడినవారి మీద ఉన్న అసమానతలు తగ్గించే పనులూ ఆ జాబితాలో ఉన్నాయి. కాగితం మీద దారి తెరిచే ఉంది. ఆచరణలో స్కూలు బ్యాగులకు, మంచినీటి ప్లాంటుకు దొరికే డబ్బు అత్యాచారం కేసుకు దొరకదు. బ్యాగు పంచుతూ ఫొటో దిగొచ్చు, కేసు దగ్గర ఎదుట నిలబడేది ఆ ఊరి పెద్ద రైతో, పార్టీ నాయకుడో.

మిగిలింది మన చందా. దానిలో కూడా తెలివి ఉంది. 1978లో కాన్షీరాం బామ్‌సెఫ్ పెట్టినప్పుడు రిజర్వేషన్‌తో ఉద్యోగం వచ్చినవాళ్ళు సమాజానికి బాకీ తీర్చాలన్న మాట మీద నడిపారు. ఇచ్చేది దాత కాదు, బాకీదారుడే. కానీ ఈసారి బాకీ ఎంతో, ఎవరికో పేటకు తెలుసు. నవసర్జన్ వాళ్ళు 2022లో ఇంకో పని చేశారు. ఊరూరా ఇళ్ళ నుంచి ఇత్తడి గిన్నెలు, రూపాయి నాణేలు పోగుచేసి, వెయ్యి కిలోల ఇత్తడి నాణెం పోతపోయించారు. 2047కల్లా అంటరానితనం లేని దేశం వస్తుందా అన్న ప్రశ్నతో దాన్ని కొత్త పార్లమెంటు భవనానికి కానుకగా బయలుదేరదీశారు. దారిలో పోలీసులు ఆపారు. ఒక గిన్నె ఇచ్చిన ప్రతి ఇల్లూ ఆ ప్రశ్న అడిగిన ఇల్లే అయింది. గిన్నెలు అడగడానికి తిరిగినవాళ్ళే కార్యకర్తలయ్యారు.

మండల స్థాయిలో ఇవన్నీ చిన్న రూపంలో చేయొచ్చు. సొసైటీగా రిజిస్టరు కావాలంటే మన రాష్ట్రంలో 2001 చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుండాలి. 80జి అనుమతి ఉంటే దాతకు ఆదాయపు పన్ను మినహాయింపు వస్తుంది, కానీ 2,000 దాటిన నగదుకు రాదు. ఈ చదువు ఒక రోజులో అయిపోతుంది. అంతకంటే ముఖ్యం, ఒక్కరి ఫోన్‌పే నంబరుకు చందా వేయించకండి. ఎంత నిజాయితీపరుడైనా సరే. ముగ్గురి సంతకాలతో బ్యాంకు ఖాతా, ఆ ముగ్గురిలో ఒకరు బాధితుల పేట మహిళ. వచ్చింది, పోయింది, మిగిలింది రాసిన కాగితం చర్చి గోడ మీదో కమ్యూనిటీ హాలు మీదో అంటించాలి. ఏప్రిల్ 14న ఉపన్యాసాలకు ముందు పది నిమిషాలు లెక్క చదవాలి.

ఫొటోల విషయంలో రెండు మాటలు. లైంగిక దాడి బాధితురాలి పేరు, ముఖం, గుర్తుపట్టే వివరం బయటపెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద నేరం. ఉద్యమం కోసమే పెట్టామంటే కుదరదు. మిగతా సందర్భాల్లో కూడా ఏడుస్తున్న ముసలమ్మ ఫొటో కింద ఖాతా నంబరు వేసే ముందు, ఆ ఫొటో ఆమె మనవడి కాలేజీ గ్రూపులోకి కూడా వెళ్తుందని గుర్తుంచుకోండి.

మనుషులు

చివరికి అన్నిటికంటే కష్టమైనది మనుషులు. స్వచ్ఛందంగా పనిచేయడమంటే తీరిక ఉన్నవాళ్ళ పని అని పట్టణం అనుకుంటుంది. చెరువు పట్టుబడికో, నాట్లకో వెళ్ళే యువకుడు సర్వేకు వస్తే ఆ రోజు కూలి పోతుంది. అతని త్యాగం గురించి ఎంత మాట్లాడినా ఆ రాత్రి ఇంట్లో కూర రాదు. అందుకే పేట కార్యకర్తకు రోజు కూలి ఇవ్వడం సిగ్గుపడాల్సిన ఖర్చు కాదు, మొదట రాయాల్సిన ఖర్చు. ఆడవాళ్ళయితే వంట అయ్యాకే మీటింగు పెట్టాలి, చీకటి పడకముందే ముగించాలి, లేదా ఇంటికి దింపే మనిషిని చూడాలి. మగవాళ్ళ సౌకర్యానికి రాత్రి తొమ్మిదింటికి పెట్టిన మీటింగుకు ఆడవాళ్ళు రాలేదని వాపోయే సంఘాలను చాలా చూశాం.

హాస్టళ్ళ నుంచి విద్యార్థులు వస్తారు, అదే మన పెద్ద బలం. పరీక్షలప్పుడు పోతారు, ఉద్యోగ ప్రకటన పడితే పోతారు, అది సహజం. కేసు పడితే వాళ్ళ పోలీసు వెరిఫికేషన్ ఏమవుతుందో ముందే చెప్పాలి. తెలిసి వచ్చినవాళ్ళు నిలబడతారు, తెలియక వచ్చినవాళ్ళను మనమే ముంచినట్టవుతుంది.

కొల్లేటికి మళ్ళీ నీళ్ళు వస్తాయి. ఏ సంవత్సరమో చెప్పలేం గానీ, బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు ఎప్పుడు పొంగినా చేరేది ఇక్కడికే. అప్పుడు నష్టం రాయడానికి అధికారులు వస్తారు. పొలం కాగితం ఉన్నవాడి పేరు ఎక్కుతుంది. కౌలుదారుకు 2019 చట్టం కింద సాగుదారు హక్కుల కార్డు లేకపోతే ఎక్కదు, ఆ కార్డుకు భూయజమాని ఒప్పుకోవాలి. చెరువు కూలి పేరు ఏ కాలమ్‌లోనూ ఉండదు. ఏ పేటలో ఎన్ని ఇళ్ళు, ఎవరిది కౌలు, ఎవరు ఎవరి చెరువు మీద పని చేస్తున్నారు, రేషన్ కార్డు ఎవరికి లేదు, నడవలేని ముసలివాళ్ళు ఏ ఇంట్లో ఉన్నారు, పడవ ఎవరి దగ్గరుంది, ఇవి నీళ్ళొచ్చాక రాయలేం. వేసవిలో, చెరువులు ఎండగట్టే రోజుల్లో, ఇంటింటికీ తిరిగి రాసి ఒక కాపీ తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఒక్కో లంకకు కావలసింది రెండు నోటుపుస్తకాలు, ఆరుగురు మనుషులు, వాళ్ళ నాలుగు రోజుల కూలి.